బడి గోడ

నూజివీడు, మే 1962. గురువారం రాత్రి.

కొత్త బడి గోడలో సిమెంటు తక్కువని మొదట కనిపెట్టింది నేను. తోటకు వెళ్తూ చెయ్యి ఆనిస్తే ఇసుక రాలింది. పిన్ని కూతురు సరళకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ బడి దగ్గర జరిగిన పంచాయతీ సభలో, అందరూ చూస్తుండగా సరళ హెయిర్‌పిన్నుతో ఆ గోడ గీకింది.

"ఇంకా ఆరలేదమ్మా," అన్నాడు కాంట్రాక్టరు.

"ఆరితే ఇసుక సిమెంటవుద్దా అండీ?"

జనం ఒకటే నవ్వు. గోడ పడగొట్టి మళ్లీ కట్టాలన్నారు. పని చూసే కమిటీలో సరళను వేశారు. నాకు కన్ను కుట్టింది.

"మా అక్కను వేయండి. ముందు చూసింది తనే," అంది.

అందరూ నావైపు తిరిగారు.

నా పేరు దాచి ఉంటే దాన్ని తిట్టుకుంటూ నిద్రపోయేదాన్ని. ఆ వీలు కూడా లేకుండా చేసింది.