ఐలవ్వ కల్లు కాంపౌండు, దాని వెనుక కిటికీ

గోదావరిఖనిలో కాపురముంటున్న వీరేందర్ భార్యను, కీర్తిశేషులు సదయ్య కూతురిని, రాజకుమారి అనే నేను నా ఆస్తి గురించి నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా ఇది. వచ్చే వారం హైదరాబాదులో నా గుండెకు ఆపరేషన్. లోపం గుండెలోనే గాని బుద్ధిలో లేదు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. నోటితో చెప్పడం నాకు చేతకాదు కాబట్టి నా చేత్తోనే రాస్తున్నాను. తిరిగి వస్తే దీన్ని నేనే చూసుకుంటాను. రాకపోతే ఇదే నా మాట.

1. మా అమ్మమ్మ ఐలవ్వ నాకు రిజిస్టరు చేసి ఇచ్చిన కల్లు కాంపౌండు, స్థలంతో సహా, నా కూతురు మన్వితకు చెందాలి. ఆమె పెద్దదయ్యేవరకు మాకు చిన్నాయన వరసైన గట్టయ్య కాక చూసుకోవాలి. మా దుకాణానికి తాటికల్లు ఇప్పటికీ ఆయనే దించి తెస్తాడు. దుకాణం నడిపినా సరే, తాళం వేసినా సరే. కూల్చడం మాత్రం కుదరదు.

2. ఆ కట్టడంలో ఏముందని అడుగుతారేమో. పైకప్పు గూనపెంకులది. దాన్ని మోసే దూలాలు ఒకప్పుడు బొగ్గుబాయిలో, గని లోపల, పైకప్పు కూలకుండా నిలబెట్టిన దుంగలు. తాత వేలంలో కొన్నాడు. నడుమ ఆకాశం కనబడే చిన్న వాకిలి. చుట్టూ రాతి గద్దె, షిఫ్టు దిగి వచ్చిన మనిషి మోకాళ్లు నొప్పి పుట్టకుండా కూర్చునేంత ఎత్తు. గద్దె వెనుక గోడకు మనుషుల వీపుల మరకలు, నల్లగా, వరుసగా. ఎవరి చోటు వాళ్లదే. తూర్పు మూలది మా నాయిన వీపు. బోనాలకు సున్నం వేసేటప్పుడు అమ్మమ్మ కూలీలను కేకలేసేది. “గింత పైకెల్లి ఎయ్యుండ్రి. కింద మావోళ్లు కూసున్నరు, కండ్లు కనవడ్తలేవా?” ఇకముందు కూడా సున్నం అంత పైనుంచే వేయాలి. మన్విత వాళ్ల తాతను చూడలేదు, ఆ మరకనైనా చూడాలి.

3. వెనుక కిటికీ దగ్గరి పీట మా ఆయనకు ఇస్తున్నాను. ఆ కిటికీ ఆడవాళ్ల కోసం కట్టింది. నడుమెత్తులో చిన్నగా ఉంటుంది. పోసేవాళ్లకు తాగేవాళ్ల చెయ్యి తప్ప ముఖం కనబడదు. బడి మానేశాక లోపల ఆ పీట మీద కూర్చుని పోసేదాన్ని నేనే. ముందు గద్దె మీద వాళ్ల నాయిన, అంటే మా మామ, కూర్చునేవాడు కనుక మా ఆయన భయపడి ఆడవాళ్ల కిటికీకి వచ్చేవాడు. బొటనవేలికి దెబ్బ తగిలిన చెయ్యి. “ఏంది పిల్లా, సగమే పోస్తివి? మీ అవ్వ కన్నా నువ్వే పిసినారున్నవ్!” అనేవాడు. నేను ముంత అంచుదాకా నింపేదాన్ని. పెళ్లిచూపుల్లో తల ఎత్తలేదు. ఆ బొటనవేలు చూసి ఒప్పుకున్నాను.

4. మా ఆయన అక్క రమ వదిన పెళ్లి పందిట్లోనే, “మా తమ్మునికి కల్లు వాసన పిల్లనే దొరికిందా?” అన్నది. అది నేను మరిచిపోలేదు. పెళ్లి తర్వాత కూడా ఎండాకాలాల్లో నేను పోస్తుంటే ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి కిటికీలోకి వచ్చేది. “జల్ది పొయ్యి, ఎవలన్న సూస్తరు” అని గొంతు మార్చి అనేది. ఆ చెయ్యి ఎవరిదో నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా చెప్పను. అమ్మమ్మ వాడిన నున్నని మట్టి ముంత రమ వదినకు ఇవ్వాలి.

5. మా కాంపౌండులో చాలన్న మాట నోటితో అనరు. ముంత మీద అరచెయ్యి బోర్లిస్తారు. పోసేవాళ్లు లొట్టి, అదే కల్లు కుండ, పక్కకు తీస్తారు, మళ్లీ అడగరు. చెయ్యి పెట్టిన వాళ్లకు పోయడం మాకు తప్పు. పోయిన ఎండాకాలం మా ఆయన చాయ్ తాగుతూ, “రాజీ, కాంపౌండు తీసేసి షట్టర్లు కట్టిస్త. రేపు బిల్డరు వస్తడు. ఏమంటవ్?” అన్నాడు. నేను నా చాయ్ గ్లాసు మీద అరచెయ్యి పెట్టాను. చాలాసేపు తీయలేదు. “అవు, ఈగలు బాగైనయ్” అన్నాడు. మర్నాడు బిల్డరుతో, “మా ఆమె ఒప్పుకున్నది, ఏం అనలే” అని చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. కిటికీ అవతల నిలబడి ఎన్నోసార్లు తన ముంత మీద అదే చెయ్యి పెట్టినవాడు. ఇంట్లో, చాయ్ గ్లాసు మీద గుర్తుపట్టలేదు, అంతే. బిల్డరు ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

6. నాకు సంతకం వచ్చు. అయినా సంతకం కింద సిరా పూసి నా అరచెయ్యి మొత్తం అద్దుతున్నాను. ఈ కాగితం చదివే రోజు మా ఆయనకు దీని అర్థం ఎవరూ విప్పి చెప్పవద్దు. ఈసారి ఈగలు లేవు.

గోదావరిఖని, 12 ఆగస్టు 2024

(సంతకం) రాజకుమారి
(కుడి అరచేతి ముద్ర)

మా కళ్లెదుట ఆమె సంతకం చేసి, చెయ్యి అద్దింది:
జైపాల్, పక్కింటివారు
మాణిక్యాంబ, ఎదురింటివారు