క్లచ్చి తోలు

పెంటపాడు,
ఆదివారం సాయంత్రం

హన్నమ్మకు,

నేనిక్కడ కులాసా అని మొదలుపెట్టడం అలవాటు గనుక అలాగే మొదలుపెడుతున్నాను. నువ్వూ, చంటిదీ, అత్తయ్యగారూ ఏలూరులో క్షేమమని నీ ఉత్తరం వల్ల తెలిసింది. దాని దగ్గు తగ్గిందంటే ప్రాణం లేచివచ్చింది.

"చంటిదానికి ఐదో నెల వచ్చినా మీ ఆయన తీసుకువెళ్లలేదేమని అమ్మలక్కలు అడుగుతుంటే తల కొట్టేసినట్టుందండీ" అని రాశావు. నేను నడిపే కారు బాగయ్యేదాకా మా యజమాని నరసరాజుగారు సెలవు ఇవ్వరంటే, ఆ కారు నీకు సవతి అయిందన్నావు. నవ్వుకుందామంటే ఓపిక లేదు.

నిజంగానే బాగు కాలేదు. ఇంజను రంకెలు వేస్తుంది, బండి మాత్రం పాకుతుంది. పాతకాలపు కారు కదా, దీని క్లచ్చికి తోలు తొడుగు ఉంటుంది. అది పట్టు వదిలితే ఇంజను బలం చక్రాలకు అందదు. కింద పలకలు ఊడదీసి చూస్తే తోలు మాడిపోయి ఉంది. గూడెంలో కొత్తది కోయించి, ఆముదంలో నానబెట్టి వేశాను. నెల తిరక్కుండానే మళ్లీ మాడు వాసన. తోలు అమ్మినవాణ్ణి తిట్టాను, గానుగవాణ్ణి తిట్టాను, కొల్లేటి బురదనూ వదల్లేదు.

ఒకరోజు కారులో పక్కన కూర్చున్న రాజుగారు, "ఏమయ్యా నిత్యానందం, ఆ పెడలు మీద కాలు అలా ఆనించే ఉంచావేం? తోలు కాలిపోదూ?" అన్నారు.

"లేదండీ, తీసేశానండీ" అన్నాను.

కిందికి చూస్తే నా ఎడమ కాలు పెడలు మీదే ఉంది.

చెప్పులుంటే పెడలు తెలియదని నేను ఒట్టికాళ్లతోనే నడుపుతాను కదా. ఆ అరికాలికి స్పర్శ పోయింది హన్నమ్మా. గదికి వచ్చి చూసుకుంటే మడమకు పెద్ద బొబ్బ. ఇంజను వేడికి ఎప్పుడు కాలిందో ఏమో.

తోలు తెమ్మని రాజుగారు ఏలూరు పంపినప్పుడు మిషను ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుగారు సూదితో గుచ్చి చూశారు. పెద్దరోగమే, కుష్ఠే అన్నారు. మొదట్లోనే తెలిసింది కాబట్టి వారంవారం నూనె ఇంజక్షను చేస్తే నెమ్మదించవచ్చట. పసిబిడ్డను మాత్రం దగ్గరకు తీయవద్దన్నారు. మీరిద్దరూ కూడా ఒకసారి చూపించుకోండి. రేపు రాజుగారికి చెప్పి, కారు అప్పగించి, ఆసుపత్రిలో చేరతాను. నువ్వు ఏమనుకున్నా నిన్ను తప్పు పట్టను. నాకు భయంగా ఉంది, అంతకంటే ఎక్కువ అలసటగా ఉంది.

ఇంకొకటి చెప్పాలి. ఆ రోజు తిరిగివస్తూ మీ వీధిలోంచే వచ్చాను. నువ్వు అరుగు మీద కాళ్లు చాపుకొని, చంటిదాన్ని పడుకోబెట్టుకొని నలుగు పెడుతున్నావు. పురిట్లో చూసిందే, ఎంత ఎదిగిందో. దూరం నుంచే చూసిపోదామనుకున్నవాణ్ణి ఉండబట్టలేక కారు ఆపబోయాను. క్లచ్చి మీద కాలు పెట్టాను. పడిందో లేదో తెలియక కిందికి చూసుకున్నాను. తల ఎత్తేసరికి మీ ఇల్లు దాటిపోయింది.

ఇట్లు,
చంటిదాని నాన్న
నిత్యానందం