నేలమాళిగ లేని ఇల్లు

తలాస్ లోయ,
నవంబరు 17, 2019, ఆదివారం.

చిట్టితల్లి పెరిజాత్‌కు,

నీ నాన్న కెరిమ్‌బాయ్ రెండు చేతులూ ఎత్తి దీవించి రాస్తున్న ఉత్తరం. మీ అమ్మా నేనూ బాగున్నాం. ఆవు బాగుంది. చిక్కుళ్లు నూర్చి బస్తాలకెత్తాం, ఆఖరి బస్తా కూడా అమ్ముడుపోయింది. కనుమ మీద మంచు మొదలైందని మినీబస్సు డ్రైవరు చెప్పాడు. బిష్కెక్‌లో నువ్వు మెడకు శాలువా చుట్టుకుంటున్నావనే అనుకుంటాను. ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటని అడుగుతావు. నా ఎడమ చెవి సంగతి నీకు తెలుసు, కుడి చెవి కూడా ఈ మధ్య దాని దారే పట్టింది. అదీగాక ఇంత సంతోషం ఫోనులో పట్టదు తల్లీ, దీనికి కాగితం కావాలి.

నువ్వు గెలిచావు! నిన్న వాళ్లొచ్చారు, చూశారు, నిన్ను మెచ్చుకుని వెళ్లారు. ఒక్క వాక్యం చేర్చి శుక్రవారం నాటికి సంతకం పెడితే లైసెన్సు నీదేనట. ఎనిమిదో తరగతితో ట్రాక్టరెక్కిన కెరిమ్‌బాయ్ కూతురు, ఇళ్లకు విలువ కట్టే వాల్యుయర్! పొద్దున బజారంతా తిరిగి చెప్పాను. అడిగినవాళ్లకీ చెప్పాను, అడగనివాళ్లకీ చెప్పాను. రొట్టెలమ్మే ఆవిడ, 'ఇది మూడోసారి చెప్పడం తాతా' అని నవ్వింది. నాలుగోసారి కూడా చెప్పి వచ్చాను.

శిక్షణలో ఉన్నవాళ్లు రాసిన మొదటి రిపోర్టును, లైసెన్సున్న పాతవాళ్లు తమ పునశ్చరణ తరగతిలో భాగంగా ఆ ఇంటికే వచ్చి సరిచూస్తారనీ, రాసినవాళ్లు ఆ దరిదాపుల్లో ఉండకూడదనీ నువ్వు వేసవిలో చెప్పావు కదా. బ్యాంకు కోసమైతే సొంతవాళ్ల ఇంటికి విలువ కట్టకూడదనీ, పరీక్ష కోసమైతే ఫరవాలేదనీ కూడా చెప్పావు. అప్పుడు నాకు సరిగ్గా అర్థం కాలేదు. నిన్న కళ్లారా చూశాక అయింది.

ఆరుగురు వచ్చారు. మీకు పాఠాలు చెప్పే లారిసా మేడం గుమ్మంలోనే బూట్లు విప్పి, నీ రిపోర్టు చంకలో పెట్టుకుని లోపలికొచ్చింది. ఎంత చిన్న మనిషి! అంత పెద్దపెద్ద మగవాళ్లు ఆవిడ ముందు బడిపిల్లల్లా నిలబడ్డారు. వాళ్లలో ఒరోజ్‌బెక్ అనే లావుపాటాయన వచ్చింది మొదలు గొణుగుడే. 'ముప్పై ఏళ్లుగా ఇళ్లు కొలుస్తున్నాను, మళ్లీ ఈ ఇరవై గంటల పాఠాలేమిటి నా ప్రాణానికి' అన్నాడు. మేడం కళ్లద్దాలు తుడుచుకుంటూ, 'పోయినసారి గొడ్లచావడిని పడకగది కింద లెక్కేశారు, గుర్తుందా?' అంది. 'అందులో మంచం ఉంది మేడం!' అన్నాడాయన. 'ఆవుదా?' అంది ఆవిడ. మీ అమ్మ నవ్వాపుకోలేక వంటగదిలోకి పారిపోయింది.

ఇంటి చుట్టూ బయటినుంచి కొలిచారు, మళ్లీ లోపలినుంచి కొలిచారు. ప్రతి అంకె దగ్గరా నీ కాగితం చూడటం, తల ఊపడం. నువ్వు చూరు బయటికెంత వచ్చిందో కూడా కొలిచి రాశావట, ఈ జట్టులో ఇంకెవరూ రాయలేదట. పొయ్యి వెనక గోడలో బీటను కూడా దాచకుండా రాశావట. 'సొంత ఇంటి బీట రాసిన పిల్లను మొదటిసారి చూస్తున్నాను పెద్దాయనా' అంది మేడం. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొయ్యి పొగ అని చెప్పాను.

ఆ తర్వాత వెనక గదిలోకి వెళ్లారు.

అక్కడ ఎర్ర చుక్క పడే యంత్రంతో ఒరోజ్‌బెక్ పొడవు కొలిచాడు. నాలుగు మీటర్ల పది. నీ కాగితంలోనూ అదే. అలవాటు కొద్దీ ఇంకోసారి కొలిచాడు. మూడు మీటర్ల తొంభై ఆరు. మూడోసారి మళ్లీ నాలుగు పది. 'ఈ గది గానీ ఊపిరి పీలుస్తోందా ఏమిటి' అన్నాడు. అందరూ నవ్వారు. బ్యాటరీ మార్చాడు. నేనూ నవ్వాను తల్లీ, అందరికంటే గట్టిగా.

మేడం నవ్వలేదు. నావైపే చూస్తోంది. 'పెద్దాయనా, ఈ గదిలో మీరెందుకు గోడవారగా నడుస్తున్నారు?' అని అడిగింది.

కిందకి చూసుకున్నాను. నిజంగానే గోడను రాసుకుంటూ నిలబడి ఉన్నాను. మీ అమ్మ టీ పళ్లెం పట్టుకుని, గది మధ్య ఖాళీగా ఉన్నా చుట్టూ తిరిగి వస్తోంది. ఇరవై ఆరేళ్లుగా మేమిద్దరం ఆ గదిలో అలాగే నడుస్తున్నామని నాకు ఆ నిమిషం దాకా తెలియదు. నువ్వూ అలాగే నడుస్తావు. చిన్నప్పుడు మమ్మల్ని చూసి నేర్చుకున్నావు. ఎందుకని నువ్వెప్పుడూ అడగలేదు.

'తివాచీ పాడవుతుందని' అన్నాను. అక్కడ తివాచీ లేదు.

ఒరోజ్‌బెక్ నేల మీద మడమతో కొట్టి చూశాడు. 'తాతా, ఈ వీధంతా ఒకప్పుడు ఇక్కడుండే జర్మన్లు కట్టిందే కదా?' అన్నాడు. అవునన్నాను. ఈ ఇల్లు ఎవరి దగ్గర కొన్నావంటే, ఒట్టీలియా అవ్వ దగ్గర, తొంభై మూడులో, ఆవిడ అమ్మేసి జర్మనీలో కొడుకుల దగ్గరికి వెళ్లిపోయింది అన్నాను. నీకు చెప్పిన కథే వాళ్లకీ చెప్పాను. 'అయితే నేలమాళిగ ఏది? జర్మనీవాడు ఇల్లు కట్టి, వెనక గది కింద నేలమాళిగ తవ్వకపోవడం నేను పుట్టాక చూడలేదు. దుంపలు ఎక్కడ దాచుకుంటాడు, నెత్తి మీదా? అమ్మాయేమో లేదని రాసింది' అన్నాడు.

నువ్వు లేదని రాయడంలో నీ తప్పేం లేదు తల్లీ. నీకు ఎవరూ చెప్పలేదు.

'నీళ్లూరేవి. పూడ్చేశాను' అన్నాను.

'నీళ్లా? ఎదురింటి నేలమాళిగ ఇందాకే చూశాను, కాలిన రొట్టెలా పొడిగా ఉంది' అన్నాడు ఒరోజ్‌బెక్. అప్పుడు మీ అమ్మ, ఎవరూ అడగకుండానే, 'మోకాటి లోతు వచ్చేవి' అంది. అని టీ పళ్లెం కిటికీలో పెట్టేసి వెళ్లిపోయింది.

మేడం రాసుకుంది. 'నేలలో నీళ్లుంటే ఇంటి విలువ మారుతుంది. మీ అమ్మాయి మిమ్మల్ని విచారించి, నేలమాళిగ ఉండేదనీ, నీటి వల్ల పూడ్చారనీ తన చేత్తో చేర్చి సంతకం పెట్టాలి. పెద్దాయనా, తెలిసి తప్పు రాసినట్టు తేలితే ఆ పిల్ల జీవితంలో ఇంకో ఇంటికి విలువ కట్టలేదు. ఖాయమేనా?' అంది.

'ఖాయమే' అన్నాను. గట్టిగా అన్నాను. మీ అమ్మ నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలు దోసిళ్లతో తీసి ఆవిడ సంచిలో పోశాను. బస్సు కదిలేదాకా చెయ్యి ఊపాను.

ఇదీ తల్లీ నిన్నటి వైభోగం. మీ అమ్మ నిన్నటినుంచి నాతో మాట్లాడటం లేదు. అలసిపోయి ఉంటుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది కాబట్టి వెనక గదిలో ఆ చప్పుడు బాగా వినిపిస్తోంది. చేతికర్ర కొనతో కిందినుంచి నేల చెక్కను తట్టినట్టు, రెండు తట్టి, ఆగి, ఒకటి. నా చెవులు ఇంత పోయినా అది మాత్రం వినిపిస్తుంది. నువ్వు చిన్నప్పుడు అడిగితే ఎలుకలని చెప్పాను. పిల్లి ఆ గది గడప ఎందుకు దాటదని మళ్లీ అడిగావు. పిల్లికి ఒళ్లు బద్ధకమన్నాను. గురువారం గురువారం మీ అమ్మ నూనె కాచి, ఆ వాసన పోయినవాళ్లకు చేరాలని పేర్లు చదువుతుంది కదా. మా నాన్న పేరు, మా అమ్మ పేరు, తన అన్న పేరు. ఆ తర్వాత కాసేపు పెదవులు కదుపుతుంది, మాట బయటికి రాదు. అది కూడా నువ్వు అడగలేదు.

ఏదేదో రాస్తున్నాను. సంతోషంలో చెయ్యి ఆగడం లేదు. నువ్వు బాగా తిను, బాగా నిద్రపో. లారిసా మేడం మాట జవదాటకు. నీ లైసెన్సుకు అద్దం కట్టించి గోడకు తగిలించాలని మేకు కూడా కొట్టేశాను.

నిన్ను తలుచుకుని పొద్దున్నించీ తనలో తనే నవ్వుకుంటున్న
నీ నాన్న,
కెరిమ్‌బాయ్

తా.క. ఉత్తరం మడిచి డ్రైవరుకివ్వడానికి లేచాను. మీ అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. 'రాశావా?' అంది. రాశానన్నాను. 'ఏం రాశావు ముసలోడా?' అంది. పిల్ల గెలిచిందని రాశానన్నాను. 'నేనడిగింది అదా?' అంది. మళ్లీ కూర్చున్నాను.

నేలమాళిగలో నీళ్లు ఎప్పుడూ లేవు. ఒట్టీలియా అవ్వ ఎక్కడికీ వెళ్లలేదు.

కొడుకులు వెళ్లిపోయారు. ఆవిడ, రేపు వెళ్తాను, ఎల్లుండి వెళ్తాను అంటూ వెనక గదిలోనే ఉండిపోయింది. మేం అప్పటికే నా గొర్రెల మంద మొత్తం ఇచ్చేసి ముందు గదుల్లో దిగాం. రిజిస్ట్రేషను మాత్రం మిగిలింది. డిసెంబరులో జిల్లా ఆఫీసుకు వెళ్లాల్సిన రోజుకి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం టీ తీసుకెళ్తే, కుర్చీలో పోయి ఉంది. చేతికర్ర ఒళ్లో ఉంది. మేం ఆవిణ్ణి ఏమీ చెయ్యలేదు తల్లీ, ఇది మాత్రం నమ్ము. కానీ సంతకం పెట్టకుండా పోయిందంటే ఇల్లు మాది కాదు, మంద కూడా లేదు, నడి చలికాలం, మీ అమ్మ కడుపులో నువ్వు. పెరడంతా ఇనుములా గడ్డకట్టింది. నేలమాళిగలోనే మట్టి మెత్తగా ఉంది. చేతికర్రతో సహా ఆవిణ్ణి అక్కడే పూడ్చి, పైన చెక్కలు పరిచి మేకులు కొట్టేశాను. ప్రార్థన చదువుదామంటే ఆవిడ ప్రార్థన నాకు రాదు. నాదే చదివాను.

మీ అమ్మ తలకు ఆవిడ నల్ల రుమాలు కట్టి, ఆవిడ కళ్లద్దాలు పెట్టి, పెద్ద శాలువా కప్పుకుని ఆఫీసుకు వచ్చింది. గుమాస్తా తలెత్తలేదు. డెబ్బై తొమ్మిదేళ్ల ఒట్టీలియా అని రాసిన చోట, ఏడో నెల కడుపుతో మీ అమ్మ సంతకం పెట్టింది. నువ్వు అప్పుడు లోపల తెగ తన్నావట.

ఆ తర్వాత రెండేళ్లు ఆవిడ కొడుకుల ఉత్తరాలు వచ్చాయి. అమ్మ ఎక్కడ అని అడిగేవారు. నేను జవాబివ్వలేదు. వాటిని కూడా ఈ కవరులో పెడుతున్నాను, వెనక చిరునామా ఉంది. రేపు పొద్దున నేనే జిల్లా ఆఫీసుకు వెళ్లి అంతా చెప్తాను. సంతకం చేయించింది నేనని చెప్తాను. మీ అమ్మ మాత్రం తన రుమాలు సర్దుకుని కూర్చుంది, తనూ వస్తుందట. ఇల్లు వాళ్లదంటే వాళ్లకిచ్చేస్తాం.

మేడం చెప్పిన ఆ వాక్యం రాయకు పెరిజాత్. వెనక గది కింద నేలమాళిగ ఉంది అని రాయి. అందులో మనిషి ఉంది అని రాయి. ఆవిడ పేరు ఒట్టీలియా అని రాయి.