చిటపట ఎడమ పక్కనే

శుక్రవారం, జూన్ 14
షాపులోంచి, ఉదయం పదిన్నర

చి. కోడలు పిల్లకి,

నీ మేనమామ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా కులాసా. నువ్వెలా ఉన్నావని అడిగే మొహం నాకు లేదు, అయినా అడుగుతున్నాను. ఫోన్ చేస్తే ఎత్తవు. మీ అమ్మ చేత స్నానం చేస్తోందని చెప్పిస్తావు. ఈ మూడు వారాల్లో నువ్వు చేసినన్ని స్నానాలు చేపలు కూడా చేసి ఉండవు. అందుకే ఈ ఉత్తరం. చింపాలనుకుంటే చింపు గానీ, చదివి చింపు.

ముందు మంచి కబురు. పళ్ల డాక్టరుగారి ఆంప్లిఫయర్ పాడుతోంది! ఎంత బాగా పాడుతోందంటే, పక్క కొట్టు టైలరు మిషను ఆపి వచ్చి మన గుమ్మంలో నిలబడిపోయాడు, మెడలో టేపు వేసుకునే. నీ పనిలో వంక లేదు. మళ్లీ రాస్తున్నాను, నీ పనిలో ఒక్క వంక కూడా లేదు.

నువ్వు మొదటిసారి ఒంటిచేత్తో చేసిన పని అది. పాత కెపాసిటర్లన్నీ తీసేసి కొత్తవి అతికి పంపావు. వారం తిరక్కుండా డాక్టరుగారు దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని తిరిగొచ్చారు. ఎడమ స్పీకరులో చిటపట. లోపల వెలిగే ఆ గాజు వాల్వులన్నీ టెస్టర్ మీద పెట్టి చూశాను. ముల్లు పచ్చగీత దాటి నిలబడి అన్నీ మంచివే అంది. టెస్టర్ మాట వేదం కాదని నీకు నేర్పింది నేనే కదా, అక్కడ పాసైన వాల్వు ఆంప్లిఫయర్ పెట్టెలో పెట్టాక వేడెక్కి గోల చేయొచ్చు. అందుకని మన అసలు పరీక్షకి దిగాను. ఎడమ వాల్వుని కుడికీ, కుడి వాల్వుని ఎడమకీ మార్చడం. చిటపట కూడా కుడికి వెళ్తే దోషం వాల్వుది. ఎడమ పక్కనే ఉండిపోతే దోషం లోపలి వైరింగుది, అంటే అతికిన చేతిది.

మార్చాను. చిటపట ఎడమ పక్కనే ఉంది.

అప్పుడు డాక్టరుగారి ఎదుట నిన్నన్న మాట గుర్తొస్తే నాకు అన్నం సహించడం లేదు. "చేతికి పని రాకముందే నోటికి మాటలొచ్చాయి" అన్నాను. నువ్వు సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకి, దాన్ని జాగ్రత్తగా స్టాండులో పెట్టి మరీ వెళ్లావు. నాలుగు కేకలేసి వెళ్లుంటే బాగుండేది.

ఇప్పుడు ఫోను కవర్ల కొట్టులో చేరావనీ, ఇక జన్మలో ఐరన్ ముట్టనన్నావనీ మీ అమ్మ చెప్పింది. చెబుతూ చెబుతూ మా అక్క నన్ను తిట్టిన తిట్లు రాయాలంటే ఈ కాగితం చాలదు.

నువ్వెళ్లాక పెట్టె బోర్లించి, భూతద్దం పెట్టుకుని నీ అతుకులన్నీ వెతికాను. తప్పు పట్టుకోవాలని పంతంతో కూర్చున్నవాడిని, అయినా దొరకలేదు. ఒక్కొక్క అతుకూ నున్నగా మెరుస్తోంది. నా వాటికంటే బాగున్నాయి, అది ఒప్పుకోవడానికే నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ బాగున్నవాటిని ఊడదీసి మళ్లీ అతుకుతూ కూర్చున్నాను. జబ్బు లేనివాడికి ఆపరేషన్లు చేస్తున్నారని మీ అత్తయ్య దెప్పుతూనే ఉంది.

చివరికి నిన్న మధ్యాహ్నం తనే షాపుకొచ్చి, గోళ్లరంగు సీసా తీసి, ఎడమ వాల్వు నెత్తిన ఎర్రచుక్క పెట్టింది. ఇప్పుడు మార్చి చూడండి అంది. ఒళ్లు మండింది గానీ మార్చాను. చుక్క కుడికి వెళ్లింది. పావుగంట వేడెక్కనిచ్చాం. చిటపట కూడా దాని వెనకాలే కుడికి వెళ్లింది. పెన్సిలుతో అలా తట్టానో లేదో, స్పీకరు టపటపా పేలింది. ఆ ఒక్క వాల్వు తీసి కొత్తది పెట్టాను. చిటపట పోయింది. మీ అత్తయ్యా నేనూ బల్లకి చెరోపక్కా నిలబడి పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

సాయంత్రం డాక్టరుగారు వస్తే, టైలరు కూడా వింటుండగానే చెప్పాను, అమ్మాయి పని బంగారం, తప్పు నాదేనని. ఆయన తాపీగా, ఏ పన్నో గుర్తు పెట్టుకోకుండా పీకితే తన దగ్గరికి మళ్లీ ఎవరొస్తారండీ అన్నారు. నాకు కోపం రాలేదంటే నమ్ము. వాళ్లింట్లో ఇంకో ఆంప్లిఫయర్ ఉందట, సోమవారం పంపుతారట. అమ్మాయే చేయాలి, మీరు మూత కూడా తీయొద్దు అని షరతు పెట్టారు.

మరి మొదటి పరీక్ష ఎందుకు తప్పిందంటావా? అంతా మీ అత్తయ్య చలవ. నేను వాల్వులు మార్చి అటు తిరిగానో లేదో, దుమ్ము తుడుస్తానని రెండూ పీకి, తిరిగి పెట్టేటప్పుడు ఇటుదటు చేసేసింది. రెండుసార్లు మారితే మారనట్టే కదా! తనని నువ్వేమీ అనకు, పాపం.

కోపం ఎంత మిగిలుంటే అంతా వెంట తెచ్చుకో, ఇక్కడికొచ్చి తిట్టు. రా అమ్మా.

నీ తిట్లకి కాచుకుని కూర్చున్న
మామయ్య

తా.క.: కవరు అంటించబోతుంటే మీ అత్తయ్య తీసుకుని చదివింది. కాగితం నా ముందే పెట్టి, "ఆ పిల్లకి కూడా అబద్ధం చెబుతారా?" అంది.

నిజం ఇది. ఆ రోజు మీ అత్తయ్య షాపుకే రాలేదు. టీకి ముందు వాల్వులు మార్చింది నేనే. టీ తాగొచ్చి, ఇంకా మార్చలేదనుకుని మళ్లీ మార్చిందీ నేనే. మర్చిపోయాను. ఇది మొదటిసారి కూడా కాదు. మీ అత్తయ్యకి ఎప్పుడో తెలుసు, అందుకే ఆ గోళ్లరంగు తెచ్చింది. ఇన్నాళ్లూ నేను నీ దగ్గర దాచింది సిగ్గుతో. నీ చేతిని తప్పుపట్టడం తేలికనిపించింది, నా బుర్రని తప్పుపట్టలేక.

చెవి మాత్రం ఇంకా గట్టిదే. గోల ఏ వాల్వుదో నేను చెబుతాను. దాన్ని ఎక్కణ్ణుంచి ఎక్కడికి మార్చామో నువ్వు గుర్తుపెట్టుకుందువు గాని. సోమవారం రా.