రెండు ఫోన్ల మధ్య దూరం

డిగ్నాబాద్,
శనివారం.

ప్రియమైన అబిగేలుకు,

నాన్న దీవెనలు. దేవుని దయవల్ల నా ఆరోగ్యం బాగానే ఉంది. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

అమ్మ చివరి రోజు ఎలా గడిచిందని అడిగావు. ఉదయం రెండు చెంచాల గంజి తాగింది. పదింటికి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. మధ్యాహ్నం వాన పడింది, కిటికీ మూయవద్దంది. మూడున్నరకు ఊపిరి ఆగింది. చెయ్యి నా చేతిలోనే ఉంది.

ఓడ ఆలస్యమై వారంగా మన దీవిలో ఉల్లిపాయలు లేవు. వెరోనికా అత్త రోజూ కూర పంపుతోంది.

నీ రెండో ప్రశ్న, నువ్వు తయారుచేసి, ఫోన్లలో ఆడి పరీక్షించమని మాకు పంపిన చేపల వల ఆట గురించి. నేనూ అమ్మా చెరో ఫోనూ పట్టుకుని వాకిట్లో ఆ చివరా ఈ చివరా నిలబడేవాళ్లం. రెండు తెరల మీదా ఒకే వల. ఎంత దూరం జరిగితే అంత వెడల్పు. "అరే, వల ఒదిలేశారండీ, చేపలన్నీ భాగ్ గయే" అని అమ్మ దెప్పేది. ఆట నీకు పంపే లెక్కల్లో ఆఖరి పన్నెండు రోజులూ ఫోన్ల మధ్య దూరం మూడడుగులు దాటలేదనీ, లోపం ఎక్కడుందో దొరకడం లేదనీ రాశావు.

లోపం నీ ఆటలో లేదు. రెండు ఫోన్లూ నా రెండు చేతుల్లో ఉన్నాయి.

అమ్మ పోయిన రోజు, ఒక్కసారిగా విషమించిందని నీకు చెప్పాను. అబద్ధం. అమ్మ అప్పటికి పన్నెండు రోజులుగా మంచం మీదే ఉంది. "దాని టెస్టింగ్ అయ్యేదాకా చెప్పకండి. ఛుట్టీ పెట్టి పరిగెత్తుకొచ్చేస్తాది. నా ఫోను కూడా మీరే ఆడండి" అంది. ఆడాను. అమ్మ స్కోరు బాగుందని నువ్వు మెసేజి పెడితే చదివి వినిపించాను. నవ్వింది.

అంతవరకూ ఆమె మాట. పోవడానికి నాలుగు రోజుల ముందు, "ఇక అబిగేలుని రమ్మనండి" అంది. సరేనన్నాను. పిలవలేదు. పిలిస్తే అమ్మ వెళ్లిపోతుందని ఒప్పుకున్నట్టవుతుందనిపించింది. రోజూ ఉదయం, "టిక్కెట్టు దొరికిందా దానికి?" అని అడిగేది. సీట్లు లేవన్నాను. ఆ నాలుగు రోజులూ రెండు ఫోన్లతో ఆడుతూనే ఉన్నాను.

సమాధి దగ్గర వెరోనికా అత్త మాట నీ చెవిన పడే ఉంటుంది. "ఆటలు తయారుచేసే నౌకరీ. తల్లిని చూడ్డానికి ఫుర్సత్ ఎక్కడిదీ?" ఆమెకు తెలియదు. తెలిసిన నేను తల వంచుకుని ఊరుకున్నాను. సంఘంలో అందరూ ఇప్పటికీ అదే అనుకుంటున్నారు.

ఈ ఉత్తరంలో క్షమించమని అడగను. రేపు ఆదివారం. ఉదయం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడి, కూతుర్ని రమ్మని నా భార్య సారా అడిగిందనీ, పిలవనిది నేననీ అందరి ముందూ చెబుతాను.

ఇట్లు,
మీ నాన్న
జీవానందం