ముప్పై ఆరు దగ్గర ఆపండి

తైపింగ్,
మార్చి 4, 1995.

గౌరవనీయులైన హాజీ నిక్ దావుద్ గారికి,

మీకు నేను తెలియదు. మీ చేతిపని మాత్రం నా ఇంటి ముందు నిలబడి పొగ వదులుతోంది.

నేను భూముల ఆఫీసులో ముప్పై ఒక్కేళ్ళు పనిచేసి, హెడ్ క్లర్కుగా పోయిన నెల రిటైరయ్యాను. ఆ వారమే ఈపోలో ఒకాయన దగ్గర రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. పెట్రోలు ఇంజెక్షన్ బండి. పెళ్ళయిన కొత్తలో నా భార్య గైక్ చూకి ఒక మాటిచ్చాను, కొండలు దాటించి మీ తూర్పు తీరానికి తీసుకొస్తానని, సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం చూపిస్తానని. మా వైపు సముద్రంలో సూర్యుడు మునగడమే గానీ లేవడం ఉండదు. ముప్పై ఏళ్ళు సెలవు కుదరలేదు. ఇప్పుడు సెలవు కుదిరింది, కారు కుదరడం లేదు.

స్టార్టు చేస్తే నల్లపొగ. లోపలంతా పెట్రోలు వాసన. మా ఊళ్ళో ఎండ రోజుకి రెండు గంటలు ఉంటే గొప్ప. ఆ రెండు గంటల్లోనే పక్కింటి రొకియా అక్క నమాజు బట్టలు ఆరేస్తుంది. తెల్లవి. ఇప్పుడు తెల్లవని అనలేం.

కారు కాగితాల్లో మీ చీటీ దొరికింది: "పెట్రోలు ప్రెషర్ రెగ్యులేటర్ కొత్తది వేశాను. నిక్ దావుద్, పాసిర్ మాస్." అందులో ఉన్న నంబరుకి ఫోను చేస్తే ఎవరో టీ కొట్టాయన ఎత్తి, "ఆయనకి ఫోన్లో ఏమీ వినపడదండీ, ఇంజన్ల పక్కన నలభై ఏళ్ళు నిలబడ్డాడు కదా, ఉత్తరం రాస్కోండి" అన్నాడు. ప్రెషర్ ఎంత ఉండాలో, ఎలా సరిచేయాలో దయచేసి తెలియజేయండి. సూచనలు పాటించడం నాకు బాగా అలవాటు.

భవదీయుడు,
ఖూ టెక్ హువాట్

తా.క. నా భార్య కార్లో కూర్చోనంది. కారు పక్కన నిలబడి మాట్లాడటానికి మాత్రం అభ్యంతరం లేదట. రోజూ మాట్లాడుతోంది.


పాసిర్ మాస్,
మార్చి 9.

ఖూ గారికి సలాం.

ఎర్ర కారు. మనుషులు నాకు గుర్తుండరు, కార్లుంటాయి. షెడ్డు మూసేముందు నేను చేసిన ఆఖరి బండి అది.

పని చిన్నదే. రెగ్యులేటర్‌కి ఒక సన్న రబ్బరు గొట్టం ఉంటుంది. అది పీకి, గొట్టం నోరు బిగించండి. ఇంజన్ నిదానంగా తిరుగుతుండగా పక్కనున్న మీటరు చూడండి. ముప్పై ఆరు చూపించాలి. తక్కువుంటే రెగ్యులేటర్ నెత్తిమీది స్క్రూని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి, పెరుగుతుంది. పావు చుట్టు తిప్పడం, ఆగి చూడటం. ముప్పై ఆరు దగ్గర ఆపి, నట్టు బిగించి, గొట్టం మళ్ళీ పెట్టేయండి.

సిగరెట్టు అలవాటుంటే ఆ రోజుకి మానండి.

ఇట్లు,
నిక్ దావుద్

తా.క. "అంత దూరం నుంచి రాశాడు, నాలుగు ముక్కలు ప్రేమగా రాయొచ్చుగా" అంటోంది మా ఆవిడ మెక్ నాహ్. పైన రాసిందంతా ప్రేమే.


తైపింగ్,
మార్చి 14.

గౌరవనీయులైన హాజీ గారికి,

మీ సూచనలన్నీ పాటించాను. ఫలితం బాగుంది. అందువల్లే ఆందోళనగా ఉంది.

రెగ్యులేటర్ ఇంజన్ వెనక గోడకి ఆనుకుని ఉంది. మెడ ఎంత వంచినా కనపడలేదు. దంతవైద్యుడైన నా బావమరిది పళ్ళు చూసే చిన్న అద్దం ఇచ్చాడు. మీటరు ముప్పై మూడు చూపించింది. అద్దంలో చూస్తూ స్క్రూని గడియారం ముల్లు వైపు పావు చుట్టు తిప్పాను. ముప్పై రెండయింది. మళ్ళీ తిప్పాను. ముప్పై. తిప్పమన్నారు కాబట్టి తిప్పుతూనే ఉన్నాను. ఇరవై ఎనిమిది దగ్గర వాన మొదలై ఆపాల్సొచ్చింది.

అప్పటి నుంచి పొగ లేదు. వాసన లేదు. ఊరి సరస్సు చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చాను, బండి పిల్లిలా పోతోంది. రొకియా అక్క గోడ మీద నుంచి చూసి, "ఏం తమ్ముడూ, బండి అమ్మేశావా, చప్పుడే లేదు" అంది. కానీ మీరు ముప్పై ఆరన్నారు. ఇది ఇరవై ఎనిమిది. రికార్డు ప్రకారం ఈ కారు నడవకూడదు. తదుపరి ఉత్తర్వు తెలుపగలరు.

విధేయుడు,
ఖూ టెక్ హువాట్

తా.క. అద్దం రెండ్రోజుల్లో తిరిగివ్వాలి. మా బావమరిది పేషెంట్లకి ఈ వారం కింది పళ్ళు మాత్రమే చూస్తున్నాడు.


పాసిర్ మాస్,
మార్చి 18.

ఖూ గారూ,

అద్దంలో చూసి తిప్పితే కుడి ఎడమవుతుంది. మీరు పెంచలేదు, తగ్గించారు. అద్దంలో గడ్డం గీసుకోరా మీరు?

ఇప్పుడు బాగున్నట్టు అనిపిస్తుంది. కొండెక్కేటప్పుడు పెట్రోలు చాలక ఇంజన్ వేడెక్కి, దారిలోని గెరిక్ అడవిలో మీ ఇద్దరూ ఏనుగులకి కబుర్లు చెబుతూ కూర్చోవాలి. నేను పెట్టింది ముప్పై ఆరు. ముప్పై ఆరంటే ముప్పై ఆరే. అద్దం ఇచ్చేసి, చేత్తో తడిమి తిప్పండి.

నిక్ దావుద్

తా.క. పై ఉత్తరం చదివి మెక్ నాహ్ నాతో మాట్లాడటం లేదు. అంటే సైగలు మానేసింది.


తైపింగ్,
మార్చి 23.

గౌరవనీయులైన హాజీ గారికి,

మంగళవారం ఉదయం పది గంటలకు, చేత్తో తడిమి, సరిగ్గా ముప్పై ఆరు దగ్గర ఆపాను.

పదీ పన్నెండుకి ఫైరింజన్ వచ్చింది.

ఎవరు పిలిచారో తెలియదు, పొగలో ఎవరూ కనపడలేదు. ఫైర్ ఆఫీసరు, "ఏమిటండీ ఇది, ఎందుకిలా చేశారు" అని అడిగితే మీ ఉత్తరం చూపించాను. ఆయన వీధిలో నిలబడి గట్టిగా చదివాడు. ఏనుగుల మాట వచ్చిన చోట కొందరు నవ్వారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని అందరూ ఒప్పుకున్నారు.

రొకియా అక్క మునిసిపాలిటీకి అర్జీ పెడతానంది. అర్జీ రాయడం తనకి చేతకాదని నన్నే రాసిపెట్టమంది. రాశాను. మంచి అర్జీ. గైక్ చూ మాత్రం సర్దిన సూట్‌కేసు విప్పి, బట్టలు బీరువాలో పెట్టుకుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

హాజీ గారూ, ముప్పై ఆరేనా?

ఖూ టెక్ హువాట్

తా.క. ఫైర్ ఆఫీసరు కార్లో కూర్చుని ఫోటో తీయించుకున్నాడు. మా ఆవిడకంటే ముందు అందులో కూర్చున్న మనిషి అతనే. ఆ సంగతి ఆవిడ గమనించింది.


పాసిర్ మాస్,
మార్చి 27.

ఖూ గారూ,

నలభై ఏళ్ళలో నా పనిని నడివీధిలో చదివించిన మనిషి మీరొక్కరే. మీ మీటరు అబద్ధమన్నా చెబుతోంది, మీరన్నా చెబుతున్నారు. బుధవారం బస్సెక్కుతున్నాను. నేను వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకండి. తలుపు కూడా.

నిక్ దావుద్

తా.క. దారికి అన్నం మూట కట్టింది మెక్ నాహ్. ఇద్దరికి సరిపడా ఉంది. రెండోది మీకట. నాకైతే ఇవ్వాలని లేదు.


తైపింగ్,
మార్చి 27.

గౌరవనీయులైన హాజీ గారికి,

నా పోయిన ఉత్తరం మిమ్మల్ని నొప్పించి ఉంటుందని నాలుగు రోజులుగా నిద్ర లేదు. క్షమాపణ కాగితం మీద చెప్పేది కాదు. అందుకని కారే మీ దగ్గరికి తెస్తున్నాను. బుధవారం తెల్లారగానే బయల్దేరతాం. ప్రయాణం నిమిత్తం తాత్కాలికంగా ఇరవై ఎనిమిదికి తగ్గించాను, అనుమతి తర్వాత ఇప్పించగలరు.

"తాం" అని ఎందుకు రాశానంటే, గైక్ చూ నిన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి, వాసన చూసి, "ఆ హాజీ గారి ముందు నువ్వొక్కడివే నిలబడితే నాకు చూడ్డానికి జాలేస్తుంది, నేనూ వస్తా" అంది. పెళ్ళయ్యాక ఆమె నాతో అన్న మాటల్లో ఇది ప్రేమ కిందే లెక్క.

ఖూ టెక్ హువాట్

తా.క. కొండల్లో ఆగిపోతే ఏనుగులకి మీ పేరు చెబుతాం.


తైపింగ్,
రొకియా గారి వసారా,
మార్చి 30.

ఖూ గారికి సలాం.

మీ ఇంటికి తాళం ఉంది. గంటసేపు తలుపు కొట్టాను. లోపల మీరు పలికినా నాకు వినపడదు కాబట్టి ఇంకో గంట కొట్టాను. చివరికి రొకియా గారు గోడ మీద నుంచి పలక ఊపారు. "వాళ్ళు నిన్ననే మీ ఊరు పోయారు" అని రాసి ఉంది. దార్లో మిట్ట మీద ఎర్ర కారొకటి మా బస్సుకి ఎదురుగా రివ్వున దూసుకుపోయింది. ఎవరో పని తెలిసినవాడి బండి అనుకున్నాను.

రొకియా గారు భోజనం పెట్టి, పలక తుడిచి మళ్ళీ రాశారు: "పోయిన నెల ఆ పొగ కొంచెం కొంచెం వచ్చేది. తర్వాత ఆగింది. మీ రెండో ఉత్తరం వచ్చాక మళ్ళీ వచ్చింది, అదీ గంపెడు. నాకు కారు మీద కోపం లేదు. ఉత్తరాల మీదే."

అది చదివి చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి కూర్చున్నాను. ఆ బండికి పెట్రోలు చిమ్మే అసలు ఇంజెక్టర్లు దొరక్క, పెద్ద కారువి వేశాను. వాటి నోళ్ళు పెద్దవి. ప్రెషర్ తగ్గించకపోతే పెట్రోలు కుమ్మరిస్తాయి. ముప్పై ఆరు కంపెనీ బండి లెక్క. ఆ రోజు నేను మీటరు చూడనేలేదు. ఇంజన్ చప్పుడు విని, అది హాయిగా పాడే చోట ఆపాను. అప్పట్లో చెవులుండేవి. అది ఇరవై ఎనిమిదే అయి ఉంటుంది. ఈపో ఆయన కొంచెం పెంచి చెడగొట్టాడు, మిగతాది నేను పోస్టులో పూర్తిచేశాను.

మీ అద్దం నాకంటే నయం.

రేపు పొద్దున బస్సెక్కుతాను. మర్యాదకి పోయి మీరు తిరుగు ప్రయాణం కట్టకండి, మళ్ళీ మిట్ట మీదే దాటుకుంటాం. సముద్రం ఒడ్డుకి మెక్ నాహ్‌ని కూడా తీసుకెళ్ళండి. పక్కనే సముద్రం ఉండి కూడా మా ఆవిడని నేనెప్పుడూ తీసుకెళ్ళలేదు. కారులో రెండే సీట్లు కాబట్టి మీరు నడవండి.

మీ,
నిక్ దావుద్

తా.క. ఈ ఉత్తరం పోస్టు చేయను, నేనే తెచ్చి మీ చేతికిస్తాను. నోటితో చెప్పడానికి మొహం చెల్లక రాశాను. మీరు చదువుతున్నంతసేపూ పక్కగదిలో ఉంటాను. చదివాక ఏమన్నా అనాలనిపిస్తే తనివితీరా అనండి. నాకెలాగూ వినపడదు.