నా భార్య ఇచ్చు తేనీటి విందులో నాకు ఒక చోటు ఇప్పించుట గురించి

ట్రాయ్, మిషిగన్
ఏప్రిల్, 2012

శ్రీ పరంధామయ్య గారికి,
సమన్వయాధికారి,
జపాన్ కళల వినిమయ కార్యక్రమం,
కమ్యూనిటీ సెంటర్, ట్రాయ్.

అయ్యా,

విషయం: తమ కార్యక్రమం వారి తేనీటి తరగతి కారణంగా అర్జీదారుని సంసారంలో తలెత్తిన ఇబ్బందులు – శ్రీ డగ్లస్ గారి ప్రవర్తన – మే నెల విందులో ఖాళీగా ఉన్న ఐదో స్థానం అర్జీదారునికి మంజూరు చేయుట – గురించి.

పై విషయమై తమ సముఖమునకు మనవి చేసుకొనునది ఏమనగా, ఈ అర్జీ తెలుగులో వ్రాయుటకు కారణం తమరు తెలుగువారు కావడం ఒక్కటే కాదు. ఇంగ్లీషులో నాకు ఇంత కోపం రాదు.

1. జగన్మోహన్ అను నేను ఈ ఊరిలో కార్ల బ్రేకులు పరీక్షించు కంపెనీలో ఇంజనీరును. నా భార్య సుమతి. మా ఏకైక కుమార్తె ఆద్య హైస్కూలు చదువుచున్నది. కిందటి ఏడాది ఎండాకాలం వరకు మా ఇంట్లో ఎవరికీ జపాన్‌తో ఎట్టి సంబంధమూ లేదు, మా కారు తప్ప. అట్టి సమయంలో తమ కార్యక్రమం వారు పంచిన రంగుల కాగితం ఒకటి మా ఇంటికి చేరినది. దేశాల మధ్య స్నేహం పెంచుటకు జపాన్ వారి తేనీటి కళ ఉచితంగా నేర్పబడునని అందులో ఉన్నది. "వెళ్ళనా?" అని సుమతి అడిగింది. టీ పెట్టడం నేర్చుకోవడానికి నీకు క్లాసెందుకే అని నవ్వి, వెళ్ళమన్నాను. దేశాల మధ్య స్నేహం ఎంత పెరిగినదో నాకు తెలియదు. మా వంటగదికి, హాలుకు మధ్య మాత్రం బాగా తగ్గినది.

2. సదరు తరగతిలో నా భార్య చేయు పని ఏమిటో చూడవలెనని ఒక శనివారం నేను స్వయంగా వచ్చి, చాపలు పరచిన గది బయట నిలబడి పరిశీలించితిని. నా భార్య మోకాళ్ళ మీద కూర్చున్నది. గిన్నెను రెండు చేతులతో పట్టుకొని, గుడ్డతో తుడిచి, అందులో ఆకుపచ్చని పొడి వేసి, వేడినీళ్ళు పోసి, వెదురు కవ్వంతో చిలికినది. గిన్నెను ఇటు తిప్పి, అటు తిప్పి, అతిథి ముందు పెట్టి, నేల మీదకు వంగి నమస్కారం చేసినది. ఆ అతిథి శ్రీ డగ్లస్ గారు.

అదే రోజు సాయంత్రం నాకు టీ వచ్చిన విధానం: కౌంటర్ మీద కప్పు పెట్టిన చప్పుడు, ఆ తర్వాత "టీ!" అని ఒక కేక. అంతే. ఈ తేడా ఏమిటని అడిగితిని. ఆమె ఇచ్చిన జవాబు ఉన్నది ఉన్నట్లుగా వ్రాయుచున్నాను.

"అక్కడ వాళ్ళు నేను చేస్తున్నంతసేపూ కూర్చుని చూస్తారండీ. ఫోన్ చూడరు, టీవీ చూడరు. తాగాక గిన్నె చేతిలో పట్టుకుని ఎంత బాగుందో చెప్తారు. మీరు ఇన్నేళ్ళలో ఒక్కసారి టీ బాగుందన్నారా?"

బాగుండబట్టే కదా తాగుతున్నాను అన్నాను. ఆమె పైకి వెళ్ళిపోయినది.

3. శ్రీ డగ్లస్ గారి గురించి. వీరు అదే తరగతిలో నేర్చుకొనుచున్న రిటైరైన పళ్ళ డాక్టరు. వెనక పిలక. ఊరి వారందరి నోళ్ళలో చేతులు పెట్టిన మనిషి. భార్య లేదు, కావలసినంత తీరిక ఉన్నది. వీరు నా భార్యను "సుమతీ-సాన్" అని పిలుచుచున్నారు. "సాన్" అంటే మన "గారు" లాంటిదట. నేను ఆమెను ఏనాడూ గారు అని పిలిచిన వాడను కాను. ఏ మొగుడు పిలుస్తాడు? కానీ ఆయన అలా పిలిచినప్పుడల్లా ఆమె ముఖంలోకి ఒక వెలుగు వస్తుంది. అది నా కంట పడకుండా ఉంటే బాగుండును. పడింది.

3 (ఎ). మన ఫిల్టర్ కాఫీని కూడా ఇదే మాదిరి ప్రదర్శించెదనని నేను తమకు ఇచ్చిన ప్రతిపాదన ఇంకా పరిశీలనలోనే ఉన్నదని తెలియుచున్నది. మన కాఫీ డికాక్షన్ దిగడానికి తక్కువ ఓపిక కావాలా? దానికి ఎవరూ వంగి నమస్కారం పెట్టరేం? సరే, ఇది వేరే అర్జీలో మనవి చేసుకొందును.

4. ఫిబ్రవరి నెలలో జరిగిన ప్రదర్శన గురించి తమకు వేరే విధంగా చెప్పబడి ఉండవచ్చు. అసలు జరిగినది ఇది.

తరగతి గురువు ఫుమియె గారు (వీరిని అందరూ సెన్సే అంటారు) ఆనాడు స్వయంగా టీ చేసిరి. నా భార్య మొదటి అతిథి, శ్రీ డగ్లస్ రెండో అతిథి, నేను మూడో అతిథి. ఈ వరుస నేను అడిగినది కాదు. ఆనాడు చేసినది చిక్కటి టీ అనియు, దానిని అతిథులందరూ ఒకే గిన్నెలోంచి తాగుదురనియు నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. తమరు తెలుగువారు. ఎంగిలి అంటే ఏమిటో తమకు నేను చెప్పనవసరం లేదు. మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ఎత్తి తాగుతాం. సుమతి అయితే కూర రుచి చూసిన గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టని మనిషి. పెళ్ళయినది మొదలు ఆమె కప్పులోంచి నేను గాని, నా కప్పులోంచి ఆమె గాని గుక్కెడు తాగి ఎరగము.

అటువంటి నా భార్య, నా కళ్ళ ముందర, గిన్నె అంచుకు పెదవులు ఆనించి మూడు గుక్కలు తాగి, కాగితంతో అంచు తుడిచి, డగ్లస్ చేతికిచ్చినది. ఆయన కళ్ళు మూసుకొని తాగినాడు. అయ్యా, ఆ క్షణంలో నా పరిస్థితి తమ ఊహకే వదిలేస్తున్నాను. కాగితంతో తుడిచినంత మాత్రాన ఎంగిలి పోవునని ఏ దేశపు శాస్త్రంలో ఉన్నది?

తర్వాత ఆయన తుడిచి నాకిచ్చినాడు. నా భార్య ఎంగిలి ఆయన తాగడం ఒక బాధ, ఆయన ఎంగిలి నేను తాగవలసి రావడం ఇంకో బాధ. ఏం చేయాలో తోచక, మన పద్ధతిలో గిన్నె పైకెత్తి నోట్లో పోసుకోబోయితిని. ఆ టీ గోరింటాకు ముద్దలో కాస్త నీళ్ళు కలిపినట్లు ఉంటుందని నాకు తెలియదు. వంచాను, రాలేదు. ఇంకా వంచాను. అప్పుడు మొత్తం ఒక్కసారే వచ్చినది. గడ్డం, చొక్కా, చాప. ప్రదర్శన చూచుటకు జపాన్ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దావిడలు మర్యాద కొద్దీ గోడ వైపు చూచుచుండిరి. నా భార్య లేచి వచ్చి చాప తుడవసాగినది. శ్రీ డగ్లస్ నా గడ్డం తుడుచుకోమని తన చేతిరుమాలు ఇచ్చినాడు. కొట్టినా అంత ఒళ్ళు మండేది కాదు.

ఇంటికి వచ్చు దారిలో సుమతి కారు డ్రైవ్ చేయుచు అన్న మాటలు:

"ఎంగిలి ప్రాబ్లమ్ అని చెప్పుంటే సెన్సే మీకు సెపరేట్ బౌల్ ఇచ్చేవారు. దానికి కాదు నాకు కోపం."

"మరి దేనికే?"

"టీ మీద పడ్డాక మీరు ఎవరి వైపు చూశారు? డగ్లస్ వైపు. ఆయన నవ్వుతున్నాడా లేదా అని. నేను మీ కాళ్ళ దగ్గరే మ్యాట్ తుడుస్తున్నా. నా వైపు ఒక్కసారి కూడా చూళ్ళేదు."

మాతో పాటు ప్రదర్శనకు వచ్చిన ఆద్య వెనక సీట్లోంచి, "డాడీ, నువ్వు జెలస్. ఒక బౌల్ మీద జెలస్. దట్స్ సో వియర్డ్," అన్నది. ఆ పిల్ల తెలుగులో అంత పొడుగు మాట్లాడి చాలా కాలమైనది.

5. ఈ అంశంలో శ్రీ డగ్లస్ గారి పిలక గురించి వ్రాసినది, ఆద్య చూచి తీసివేయమన్నందున తీసివేయడమైనది.

6. ప్రస్తుత సమస్య. మే నెలలో జపాన్ నుంచి అతిథులు వచ్చుచున్నారనియు, ఆనాటి విందును నా భార్య తొలిసారిగా తన చేతుల మీదుగా జరుపుననియు తమ ఉత్తరం వలన తెలిసినది. అతిథులకు ఐదు స్థానములు. ఎవరిని పిలవవలెనన్నది విందు ఇచ్చు వారి ఇష్టం అని కూడా అందులో ఉన్నది. నా భార్య నలుగురిని పిలిచినది: జపాన్ నుంచి వచ్చు ఇద్దరు, ఫుమియె గారు, మరియు తమరు ఊహించిన వారే. ఐదో చోటు ఖాళీగా ఉన్నది.

"ఐదో మనిషి ఎవరు?" అని అడిగితిని.

"ఇంకా అనుకోలేదండీ," అన్నది.

వారం ఆగి మళ్ళీ అడిగితే, "చూస్తాను," అన్నది. ఎవరి కోసం చూస్తోంది? నేను ఇంట్లోనే ఉన్నాను కదా. నన్ను పిలువు అని నోరు తెరిచి అడగడానికి నాకు మనసు రావడం లేదు. కట్టుకున్న భార్యను పిలుపు అడుక్కోవడం తల కొట్టేసినట్లుగా ఉన్నది. అందుచేత తమరిని అడుగుచున్నాను.

7. కావున తమరు దయతలచి ఈ క్రింది చర్యలు తీసుకొనవలెనని ప్రార్థన:

(అ) శ్రీ డగ్లస్ గారిని పూలు అమర్చు తరగతికి మార్చవలెను. పూలకు ఎంగిలి లేదు.

(ఆ) తరగతిలో "సాన్" అను పిలుపును పెళ్ళి కాని వారి వరకే పరిమితం చేయవలెను.

(ఇ) ఐదో స్థానం నాకు ఇప్పించవలెను. ఇది నేను అడిగినట్లు నా భార్యకు తెలియరాదు. తనకు తానే నన్ను పిలిచినట్లు ఉండవలెను. ఎలా అన్నది తమరే ఆలోచించవలెను, నాకు తోచలేదు.

పై మూడింటిలో ఏదో ఒక్కటే వీలగునని తమరు తలచినచో, మొదటి రెండూ కొట్టివేసి మూడోది ఉంచగలరు. ఆయన నా పక్కన కూర్చున్నా ఫరవాలేదు. ఆయన తాగి ఇచ్చిన గిన్నె అయినా ఫరవాలేదు. ఈసారి ఎత్తి తాగను. మోకాళ్ళ నొప్పి ఉన్ననూ కుర్చీ అడగను. ఆమె చేస్తున్నంతసేపూ ఆమె చేతుల వైపే చూస్తాను. ఆమె నా ముందు గిన్నె పెట్టి వంగినప్పుడు నేను కూడా వంగుతాను. ఎంతవరకు వంగాలో ఆద్య కంప్యూటర్‌లో చూపించినది.

ఇంతకు మించి వ్రాయుటకు నాకు చేతకాదు. తీరికగా చిత్తగించవలెను, చదివి నవ్వుకున్నా సరే గాని పక్కన పెట్టేయరాదని వేడుకొనుచు,

తమ విధేయుడు, సుమతి భర్త,
జగన్మోహన్

తాజా కలం: ఈ అర్జీ కవరులో పెట్టబోవుచుండగా జరిగిన ఒక సంగతి తమకు తెలుపవలసి ఉన్నది. సుమతి ఈ ఉదయం తమ తరగతికి ఆలస్యమైపోతోందని హడావిడిగా వెళ్ళిపోయింది. ఆమె కప్పు కౌంటర్ మీద ఉంది, సగం టీతో. విందులో పరువు పోకుండా అలవాటు చేసుకుందామని, ఇంట్లో ఎవరూ లేరు కదా అని, ఆ కప్పు తీసుకుని అంచుకు నోరు పెట్టి తాగాను.

అందులో చక్కెర లేదు. వెంటనే నా కప్పు అడుగున మిగిలింది కూడా తాగి చూశాను. దాంట్లో ఉంది. సింకులో చూస్తే టీ కాచిన గిన్నెలు రెండున్నాయి. అంటే రోజూ తనకు విడిగా, నాకు విడిగా కాస్తోంది. ఆమె చక్కెర ఎప్పుడు మానేసిందో, ఎందుకు మానేసిందో, ఒంట్లో ఏమైనా బాగాలేదో నాకు తెలియదు. డగ్లస్‌కు తెలిసే ఉంటుంది. అది తట్టినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. పరంధామయ్య గారూ, తమరికి దణ్ణం పెడతాను, ఆయన్ని మాత్రం అడగకండి. నేనే అడుగుతాను ఆమెను.